వైరస్ తెచ్చే మందు అమ్మకు అందేనా?

మెదక్‌లో రాందాస్ చౌరస్తా దాటి కాస్త లోపలికి వెళ్తే ఒక సందులో ఉంటుంది ఆ ఇల్లు. పొద్దు గూకే వేళ అయిందంటే చాలు, ఆ ఇంటి పెద్దావిడ పాత చీరముక్కలో నాలుగు బట్టలు మూటగట్టుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది.

"నేను ఇంటికి పోత. చీకటి పడుతుంది. మా అమ్మ ఎదురుజూస్తది."

ఆవిడకు డెబ్భై రెండేళ్లు. తల్లి పోయి నలభై ఏళ్లయింది. ఇప్పుడు నిలబడ్డది తన సొంతింటి గుమ్మంలోనే!

కోడలు మెల్లగా చెయ్యి పట్టుకుంటుంది. "పోదాం తియ్ అత్తమ్మా. చాయ్ తాగి పోదాం." చాయ్ తాగేలోపు మూట సంగతి మరిచిపోతుంది. మర్నాడు మళ్లీ అదే మూట, అదే గుమ్మం. ఒకసారి మాత్రం కోడలు బియ్యం చెరుగుతూ ఆదమరిచింది. రెండు గంటలు వెతికితే బస్టాండులో దొరికింది. మంజీర ఒడ్డున ఉన్న పుట్టింటి ఊరికి బస్సు ఎప్పుడని వచ్చేపోయేవాళ్లందరినీ అడుగుతోందట.

పేర్లు రాయొద్దని ఆ ఇంటివాళ్లు కోరారు. రాయడం లేదు. కానీ వాళ్లబ్బాయి నన్నడిగిన ప్రశ్న మాత్రం రాయక తప్పదు. ఎందుకంటే అది ఇవాళ చాలా ఇళ్లలో ఉన్న ప్రశ్న.

"అక్కా, మీరు పేపర్ల రాస్తరు గదా, ఒక్క మాట చెప్పుండ్రి. వైరస్‌తోని మెదడుల మందు వెడ్తరంట. పోయిన మతి మల్ల వస్తదంట. మాకు తెలిసినాయన ఫోన్ల చూపిచ్చిండు. పద్దెనిమిది లక్షలయితదంటుండు. ఘనపూర్ ఆనకట్ట కింద రెండెకరాలున్నది. అమ్ముదామా?"

మెతుకుసీమ అని పేరున్న గడ్డ అది. అక్కడ నీళ్లు పారే రెండెకరాలంటే ఆ కుటుంబానికి ఏడాది తిండి, పిల్లల ఫీజులు, రేపటి ధైర్యం. అవును అన్నా, కాదు అన్నా నోటికొచ్చినట్టు చెప్పే మాట కాదు. అందుకే నాలుగు రోజులు గడువడిగాను. చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. ఈ వారం శీర్షిక ఆ తమ్ముడికి జవాబు.

అసలు ఆ జబ్బేంటి?

1906లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టర్, చనిపోయిన ఒక రోగి మెదడును మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. ఆవిడ పేరు ఆగస్ట్ డెటర్. యాభై ఏళ్లు దాటగానే మతిమరుపు మొదలై, చివరికి తన పేరు రాయడానికి కూడా తడబడిన మనిషి. ఆమె మెదడులో ఆయనకు రెండు విచిత్రాలు కనిపించాయి. కణాల మధ్య పేరుకున్న మడ్డి ఒకటి. కణాల లోపల చిక్కుపడ్డ దారాల ఉండలు రెండోది. మడ్డి అమిలాయిడ్ అనే ప్రొటీన్‌దనీ, దారాలు టౌ అనే ప్రొటీన్‌వనీ తర్వాత తేలింది. ఆ డాక్టర్ పేరే జబ్బుకు స్థిరపడింది.

వయసుతో వచ్చే మామూలు మరుపు వేరు, ఇది వేరు. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం మామూలే. కళ్లజోడు చేతిలో పట్టుకుని 'ఇదేంటి?' అంటే మాత్రం ఆలోచించాలి. కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి ఆఖర్న పోతాయి. అందుకే మన పెద్దావిడకు పొద్దున తిన్న సద్ది గుర్తులేదుగానీ, చిన్ననాటి ఇల్లు గుర్తుంది!

2023లో వెలువడిన ఒక జాతీయ స్థాయి అధ్యయనం లెక్క ప్రకారం, మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉంది. అంటే దాదాపు 88 లక్షల మంది. డిమెన్షియాకు కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో పెద్దన్న అల్జీమర్స్. పట్టణాల కంటే పల్లెల్లో, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. 'ఇది పట్నం జబ్బు, డబ్బున్నోళ్ల జబ్బు' అనుకునేవాళ్లు ఆ లెక్క ఒకసారి చూడాలి.

దొంగను పోస్ట్‌మేన్ చేస్తే...

ఇక వైరస్ మాట. వైరస్ అంటేనే మనకు ఒళ్లు మండుతుంది. జలుబు నుంచి కరోనా దాకా అన్నీ దాని పుణ్యమే కదా! కానీ దానికి ఒక విద్య తెలుసు. తాళం వేసిన కణంలోకి దూరి, తన జన్యువులను లోపల పెట్టి రావడం. ప్రపంచంలో ఏ మందుల కంపెనీకీ ఇంత బాగా చేతకాని పని అది.

శాస్త్రజ్ఞులకు అక్కడే ఆలోచన వచ్చింది. దొంగకు ఇళ్లలో దూరడం తెలుసు. వాడి సంచీలో ఉన్న గడ్డపారా, కత్తీ తీసేసి, మన ఉత్తరం పెట్టి పంపితే? పోస్ట్‌మేన్ తయార్! వైరస్‌లో జబ్బు తెచ్చే జన్యువులు తీసేస్తారు. మనకు కావాల్సిన జన్యువు పెడతారు. అది కణంలోకి వెళ్లి ఉత్తరం ఇచ్చేస్తుంది. కణం ఆ ఉత్తరం చదివి, అందులో రాసిన ప్రొటీన్‌ను తనే తయారుచేసుకుంటుంది. వైరస్ మాత్రం పెరగదు, ఇంకొకరికి అంటదు. దీన్నే వెక్టర్ అంటారు. మన మాటల్లో వాహకం.

ఇదంతా కథలా ఉందా? కరోనా రోజుల్లో మనలో చాలామంది వేయించుకున్న కోవిషీల్డ్ ఇలాంటిదే. చింపాంజీలకు జలుబు తెచ్చే అడినోవైరస్‌ను అలా మార్చి, కరోనా ముల్లు తయారీ చీటీ అందులో పెట్టి మన భుజంలోకి పంపారు. అంటే వాహక వైరస్ మన ఇళ్లకు ఇప్పటికే వచ్చి వెళ్లిన చుట్టమే!

మెదడు పనికి ఎక్కువగా వాడేది మాత్రం వేరే వైరస్. దాన్ని ముద్దుగా ఏఏవీ అంటారు. 1965లో అమెరికాలో అడినోవైరస్‌ల మీద పనిచేస్తుంటే, పిలవని పేరంటంలా వాటి పక్కన కనిపించింది. మనుషులకు అది ఏ జబ్బూ తెచ్చినట్టు ఇంతవరకు తెలియదు. చాలా చిన్నది. తల వెంట్రుక మందంలో దాదాపు మూడు వేల ఏఏవీలు వరసగా నిలబడొచ్చు. సంచీ కూడా చిన్నదే. మన జన్యు పుస్తకంలో మూడు వందల కోట్ల అక్షరాలుంటే, దాని సంచీలో పట్టేది 4,700 అక్షరాలు. ఒక చిన్న ఉత్తరం అన్నమాట.

ఎలుకకు మరుపొస్తే...

వైరస్ పోస్ట్‌మేన్ మొదట పనికొచ్చింది చికిత్సకు కాదు, జబ్బును అర్థం చేసుకోవడానికి. ఎలుకలకు మనలా అల్జీమర్స్ రాదు. అందుకని మనుషుల్లో చెడ్డ పని చేసే టౌ జన్యువును ఏఏవీలో పెట్టి, ఎలుక మెదడులో ఫలానా చోటుకే పంపుతారు. చిక్కుముళ్లు ఎక్కడ మొదలై, ఎటు పాకుతున్నాయో అడుగడుగునా చూస్తారు. కుక్క కరిస్తే వచ్చే రేబిస్ వైరస్ నరాల వెంట మెదడుకు పాకుతుందని మనకు తెలుసు. దాన్ని కూడా కోరలు పీకి, ఏ కణం ఏ కణంతో మాట్లాడుతోందో గీత గీసినట్టు చూపించే పనికి పెట్టారు!

2016లో ఇంకో వింత జరిగింది. అమెరికాలోని ఎంఐటీలో నోబెల్ గ్రహీత సుసుము టొనెగావా, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ధీరజ్ రాయ్, మరికొందరు కలిసి అల్జీమర్స్ తొలిదశలో ఉన్న ఎలుకలను తీసుకున్నారు. ఫలానా పంజరంలో కాళ్లకు షాక్ తగిలిందన్న సంగతి మామూలు ఎలుకకు మర్నాడు కూడా గుర్తుంటుంది. అక్కడ పెట్టగానే బిగుసుకుపోతుంది. జబ్బు ఎలుకకు గుర్తుండదు, హాయిగా తిరుగుతుంది. ఆ జ్ఞాపకాన్ని దాచుకున్న కణాల్లోకి, వెలుతురు పడితే మేల్కొనే ఒక జన్యువును వైరస్ ద్వారా ముందే పంపి ఉంచారు. ఆ కణాల మీద నీలం వెలుగు వేయగానే... జబ్బు ఎలుక కూడా బిగుసుకుపోయింది. దానికి గుర్తొచ్చింది!

అంటే తొలిదశలో జ్ఞాపకం చెరిగిపోలేదు. బీరువాలోనే ఉంది, తాళంచెవే దొరకడం లేదు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మూట పట్టుకుని నిలబడ్డ పెద్దావిడే కళ్ల ముందు మెదిలింది. కాకపోతే ఒకటి మరవకూడదు. అది ఎలుక. మన తలలో అలా దీపం పెట్టి చూసే పద్ధతి లేదు. పైగా జబ్బు ముదిరితే కణాలే చనిపోతాయి. బీరువాయే కూలిపోయాక తాళంచెవి ఉండి ఏం లాభం?

49 మంది చెప్పిన పాఠం

మరి మనుషులకు ఇచ్చి చూశారా? చూశారు. ఆ కథ తెలిస్తే మన తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

నరాల కణాలకు బలమిచ్చే ప్రొటీన్ ఒకటుంది. పేరు ఎన్‌జీఎఫ్. దాన్ని కనిపెట్టినందుకు రీటా లెవీ మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ వచ్చింది. జ్ఞాపకానికి పనికొచ్చే కణాలు కొన్ని మెదడు అడుగున ఉంటాయి. అల్జీమర్స్‌లో అవి త్వరగా వాడిపోతాయి. వాటికి ఎన్‌జీఎఫ్ అందిస్తే? మాత్రగా మింగితే లాభం లేదు. రక్తానికీ మెదడుకూ మధ్య గట్టి కాపలా ఉంటుంది, లోపలికి పోనివ్వదు. అందుకే జన్యువునే అక్కడ నాటాలని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో మార్క్ టుషిన్‌స్కీ అనే డాక్టర్ సంకల్పించాడు.

2001లో మొదలుపెట్టారు. ఎనిమిది మంది రోగులు. వాళ్ల చర్మం కణాలే తీసి, వాటిలో ఈ జన్యువు పెట్టి, పుర్రెకు రంధ్రం చేసి మెదడులోకి ఎక్కించారు. రోగులు మెలకువగా ఉండగా చేసినప్పుడు ఇద్దరు కదిలారు. మెదడులో రక్తస్రావమైంది. వాళ్లలో ఒకరు కొన్ని వారాలకు చనిపోయారు. ఆ తర్వాత పూర్తి మత్తులోనే చేశారు. మిగిలినవాళ్లలో జబ్బు వేగం తగ్గినట్టు కనిపించడంతో ఆశ పెరిగింది.

తర్వాతి మెట్టు ఏఏవీ. ఎన్‌జీఎఫ్ జన్యువును నేరుగా ఆ వైరస్‌లో పెట్టి మెదడులోకి పంపడం. 49 మంది రోగులు ముందుకొచ్చారు. దాదాపు సగం మందికి నిజమైన మందు. మిగతావాళ్లకు పుర్రె మీద గాటు పెట్టి, మందు మాత్రం ఇవ్వలేదు. ఎవరికి ఏది అందిందో రోగికి తెలియదు, పరీక్షించే డాక్టర్‌కూ తెలియదు. రెండేళ్లు గమనించారు. 2018లో ఫలితం బయటపెట్టారు. మందు తట్టుకోగలిగారు. కానీ జ్ఞాపకంలో రెండు గుంపులకూ తేడా లేదు!

కథ అక్కడితో ముగిసేదే. కానీ ఆ రోగుల్లో కొందరు, చనిపోయాక తమ మెదడును పరీక్షకు ఇచ్చారు. వాటిని కోసి చూసి, 2020లో రాశారు. వైరస్ తన పని తాను చేసింది. ఏడేళ్ల తర్వాత కూడా ఆ చోట ఎన్‌జీఎఫ్ తయారవుతూనే ఉంది. ఆశ్చర్యమే! అయితే అది సూది దిగిన చోటు నుంచి పాకింది సుమారు ఒక మిల్లీమీటరు. సూదులూ అనుకున్న చోట కచ్చితంగా దిగలేదు. పరిశీలించిన 15 చోట్లలో ఒక్కచోట కూడా మందు ఆ కణాలను చేరలేదు.

ఉత్తరం బాగుంది. పోస్ట్‌మేన్ బాగున్నాడు. చిరునామా తప్పింది. పక్క వీధిలో ఏడేళ్లపాటు ఉత్తరాలు పంచుతూనే ఉన్నాడు, అసలు ఇంటికి మాత్రం రాలేదు. కాబట్టి ఎన్‌జీఎఫ్ పనిచేస్తుందా లేదా అన్నది ఆ ప్రయోగం తేల్చనే లేదు. తమ తలను రంధ్రం చేయించుకుని, ఆఖరికి మెదడునూ ఇచ్చిన ఆ మనుషుల దయవల్ల మాత్రం తర్వాతివాళ్లకు ఒక సంగతి తెలిసింది. మందు ఉంటే చాలదు, చేరాల్సిన చోటికి చేరాలి.

ఇప్పుడెక్కడున్నారు?

అదే టుషిన్‌స్కీ బృందం 2021లో ఇంకో ప్రయోగం ప్రకటించింది. ఈసారి జన్యువు బీడీఎన్ఎఫ్‌ది. అదీ నరాలకు బలమిచ్చేదే. 12 మంది రోగులు. ఎమ్మారై తెర మీద చూస్తూ, మందు ఎక్కడ దిగుతోందో గమనిస్తూ ఇవ్వడం అందులో కొత్త. పాఠం నేర్చుకున్నారన్నమాట!

ఇంకో దారి న్యూయార్క్‌లో మొదలైంది. అపోఈ అనే జన్యువులో రకాలుంటాయి. నాలుగో రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వచ్చినవాళ్లకు అల్జీమర్స్ ముప్పు బాగా ఎక్కువ. రెండో రకం రక్షణ ఇస్తుంది. మరి ముప్పున్నవాళ్లకు రెండో రకాన్ని ఏఏవీతో పంపితే? 15 మందికి మెడ వెనక, మెదడు చుట్టూ ఉండే నీటిలోకి ఇచ్చారు. ఆ నీటిలో రక్షణ ప్రొటీన్ కనిపించిందని 2024లో చెప్పారు. ఉత్తరం చేరిందనడానికి అది గుర్తు. దానివల్ల మతిమరుపు ఆగిందని తేలాలంటే పెద్ద ప్రయోగాలు జరగాలి.

పుర్రె తొలవకుండా, చేతి నరానికి సూది వేస్తే మెదడుకు చేరే వైరస్ కోసమూ వెతుకుతున్నారు. ఒక రకం ఏఏవీ ఎలుకల్లో భలేగా చేరింది. తీరా చూస్తే అది తట్టిన తలుపు కొన్ని జాతుల ఎలుకల్లోనే ఉందట! మనిషి మెదడుకు ఆ తలుపే లేదు. 2024లో బోస్టన్ దగ్గరి బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మనిషి రక్తనాళాల మీద ఉండే తలుపును తట్టే ఏఏవీని తయారుచేశారు. ఆ తలుపును ఎలుకల్లో పెట్టి చూస్తే పనిచేసింది. మనుషుల దాకా రావాల్సి ఉంది.

మొత్తం మీద ఇదీ సంగతి. ఇవాళ్టికి ఏ దేశంలోనూ అల్జీమర్స్‌కు వైరస్‌తో ఇచ్చే చికిత్సకు అనుమతి లేదు. అమెరికాలో లేదు, జర్మనీలో లేదు, హైదరాబాద్‌లో లేదు.

మరి ఆ 16 కోట్ల సూది?

ఇక్కడ మీకు ఒక అనుమానం రావాలి. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడికి జనం చందాలేసుకుని 16 కోట్ల రూపాయల సూది వేయించారు కదా, అది వైరస్ మందే కదా అని. నిజమే. దాని పేరు జోల్‌జెన్‌స్మా. అందులో ఉన్నదీ ఏఏవీయే. 2019లో అమెరికా అనుమతించింది. ఎస్ఎంఏ అనే కండరాల జబ్బుకు అది పనిచేస్తుంది. ఎందుకంటే ఆ జబ్బులో చెడింది ఒకే ఒక్క జన్యువు. మంచి జన్యువు పంపితే లోటు తీరుతుంది. 2024లో మన వెల్లూరు సీఎంసీ డాక్టర్లు కూడా ఇంకో రకం వాహక వైరస్‌తో రక్తం గడ్డకట్టని హిమోఫిలియా జబ్బున్న ఐదుగురికి చికిత్స చేసి ప్రపంచాన్ని మెప్పించారు. అక్కడా లోపం ఒక్క జన్యువుదే.

అల్జీమర్స్ అలా కాదు. కొద్ది కుటుంబాల్లో తప్ప, ఒక్క జన్యువు దోషం కాదది. వయసు, రక్తనాళాలు, షుగరు, అపోఈ... అన్నీ కలిసి ఏళ్ల తరబడి అల్లిన గూడు. ఒక్క ఉత్తరంతో చక్కబడుతుందా అన్నదే ఇంకా తేలాలి. పైగా ఏఏవీని ఒకసారి ఇస్తే ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని ఎదురుతిరుగుతుంది. రెండోసారి ఇవ్వడం కష్టం. 1999లో అమెరికాలో పద్దెనిమిదేళ్ల జెస్సీ గెల్సింగర్, అడినోవైరస్‌తో చేసిన జన్యుచికిత్స ప్రయోగంలో ప్రాణాలే పోగొట్టుకున్నాడు. ఆటలాడే మందు కాదిది.

రెండెకరాల జవాబు

ఇప్పుడు తమ్ముడూ, నీ ప్రశ్నకు వద్దాం. పొలం అమ్మొద్దు.

ఎవరైనా అల్జీమర్స్‌కు జన్యువుల సూది ఉందంటే మూడు మాటలు అడుగు. ఒకటి, దీనికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పత్రం ఉందా? రెండు, ప్రయోగమైతే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నంబరు ఎంత? ఆ జాబితా ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చు. మూడు, ప్రయోగంలో చేరే రోగి దగ్గర మందుకు డబ్బెందుకు? ప్రయోగం చేసేవాళ్లకు రోగి అవసరం, రోగి పొలం కాదు. ఈ మూడింటికి సూటిగా జవాబు రాకపోతే చాయ్ తాగించి పంపెయ్.

ఆ ఫోను ఆయనకు ఈ మూడు ప్రశ్నలూ వేశాడట మనవాడు. 'పెద్ద డాక్టర్‌ను అడిగి చెప్త' అని పెట్టేసిన ఫోను మళ్లీ మోగలేదు.

కానీ నేనడిగిన ఇంకో ప్రశ్నకు ఆ ఇంట్లో అందరూ మొహాలు చూసుకున్నారు. "అమ్మను మెదడు డాక్టర్‌కు చూపించారా?" లేదు. నాలుగేళ్లుగా ఒక్కసారి కూడా లేదు. 'పెద్దతనం గదా, అంతే' అనుకున్నారట. పద్దెనిమిది లక్షలకు సిద్ధపడ్డవాళ్లు, కొద్ది వేలల్లో అయ్యే పరీక్షకు సిద్ధపడలేదు! తప్పు వాళ్లది కూడా కాదు. మతిమరుపు జబ్బని ఎవరూ చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

ఇది చాలా ముఖ్యం. మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. బీ12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, లోలోపల దిగులున్నా, ఎప్పుడో పడినప్పుడు తలలో రక్తం గడ్డకట్టినా మతి తప్పుతుంది. వీటికి మందుంది. ముందు అవి ఉన్నాయేమో చూడాలి. ఆ తర్వాతే మిగతా మాట.

వాళ్లు హైదరాబాద్ వెళ్లారు. వంద కిలోమీటర్ల దారి. రక్తపరీక్షలు, స్కానింగు, గంటసేపు మాటలతో చేసే పరీక్ష. బీ12 తక్కువని తేలింది, సూదులు రాశారు. కాస్త హుషారొచ్చింది. కానీ డాక్టర్ దాచలేదు. అల్జీమర్సేనన్నారు. మాత్ర రాశారు. అది జబ్బును ఆపదు, కొంతకాలం రోజులు సాఫీగా గడవడానికి సాయం చేస్తుంది.

బేరమాడిన భాష

ఆ డాక్టర్ దగ్గర కోడలు ఒక సంగతి చెప్పిందట. 'మా అత్తమ్మ ముప్పై ఏండ్లు కూరగాయలమ్మింది. సాయబులొస్తే ఉర్దూల బేరం జేసేది. ఇప్పటికీ దస్, బీస్ అని లెక్కవెడ్తది.' చదువురాని మనిషి, రెండు భాషలు!

దీని వెనకో పెద్ద విశేషం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించారు. ఒకే భాష తెలిసినవాళ్ల కంటే, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. బడికి వెళ్లనివాళ్లలోనూ అంతే! ప్రపంచమంతా ఆ మాట విన్నది. తెలుగూ ఉర్దూ కలిసి వినిపించే మన మెదక్ అంగడి, తెలియకుండానే మెదడుకు వ్యాయామశాల అన్నమాట.

నాలుగున్నరేళ్లు ఆలస్యం అనేది చిన్న సంగతి కాదు. అన్నేళ్లు మనవలను పేరుపెట్టి పిలవగలగడం అది. అలాంటి దారులు మన చేతిలోనూ కొన్ని ఉన్నాయి. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల బృందం 14 కారణాల జాబితా ఇచ్చింది. బీపీ, షుగరు, చెడ్డ కొలెస్టరాల్, పొగ, మద్యం, తలకు దెబ్బలు, వినికిడి తగ్గడం, చూపు మందగించడం, కదలకుండా కూర్చోవడం, ఒంటరితనం... ఇలాంటివి. వీటన్నిటినీ సరిచూసుకుంటే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండానో, ఆలస్యంగానో చేయొచ్చని వాళ్ల అంచనా. తాతయ్యకు చెవి మిషన్ కొనిపెట్టడం, నానమ్మకు కంట్లో పొర తీయించడం, హెల్మెట్ పెట్టుకోవడం... ఇవేవీ వైరస్ అంత గొప్పగా అనిపించవు. కానీ ఇవాళ దొరుకుతాయి.

ఇంట్లో అలాంటి పెద్దవాళ్లున్నవారికి ఒక నంబరు రాసిపెట్టుకోండి. 14567. పెద్దల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్. ఫోను ఖర్చు ఉండదు. అల్జీమర్స్ రోగుల కుటుంబాల కోసం ఏఆర్‌డీఎస్ఐ అనే సంఘం 1992 నుంచి పనిచేస్తోంది. హైదరాబాద్‌లోనూ దాని శాఖ ఉంది.

మొన్న ఆ ఇంటికి ఫోన్ చేశాను. పొలంలో నాట్లు పడ్డాయట. పెద్దావిడ ఇప్పటికీ పొద్దు గూకితే మూట కడుతూనే ఉంది. కొడుకు గేటుకు గంట కట్టాడు, తీస్తే మోగుతుంది. కోడలు ఆమె చీరలన్నిటి కొంగులకు లోపలివైపు ఇంటి ఫోన్ నంబరు ఎర్రదారంతో కుట్టింది. పనిలో పనిగా సందులో ఉన్న నాలుగు దుకాణాలవాళ్లకూ, బస్టాండులో చాయ్ అమ్మే ఆయనకూ చెప్పి ఉంచారు.

"వైరస్ మందు వస్తే మాకు చెప్పుండ్రి అక్కా" అన్నాడు తమ్ముడు.

తప్పకుండా చెబుతాను. ఏదో ఒక రోజు ఆ పోస్ట్‌మేన్ సరైన ఇంటి తలుపు తట్టవచ్చు. అప్పుడు ఈ శీర్షికలోనే రాస్తాను. అప్పటిదాకా అమ్మకు దారి తప్పకుండా చూసుకోవాల్సింది మనమే. ఆ ఇంటివాళ్లు కొంగున కుట్టి పెట్టారు. మీ ఇంట్లో ఉన్నవాళ్లను ఈ ఆదివారం ఒకసారి దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడండి. నాలుగుసార్లు అదే మాట అడుగుతున్నారా? విసుక్కోకండి. డాక్టర్‌కు చూపించండి.